బ్రాడ్‌వే టవర్ చూడ్డానికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు వెళ్దామనుకునే మనవాళ్లు బ్రాడ్‌వే టవర్ గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. కోటా కాదా, కారు పైదాకా వెళ్తుందా, అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా, వాన పడితే ఏంటి... అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు ఈ టవర్ ఎక్కడుంది? ఎంత ఎత్తు?

ఉస్టర్‌షైర్ కౌంటీలో, బ్రాడ్‌వే అనే ఊరి పక్కనున్న కొండ మీద ఉంది. ఆ చోటు సముద్రమట్టానికి 312 మీటర్ల ఎత్తులో, అంటే 1,024 అడుగుల మీద ఉంటుంది. కాట్స్‌వోల్డ్స్‌లో చెల్టెన్‌హామ్ దగ్గరి క్లీవ్ హిల్ తర్వాత ఎత్తైన చోటుగా దీన్నే చెబుతారు. దాని మీద టవర్ ఇంకో 65 అడుగులు.

ఇది కోటేనా? ఇక్కడ యుద్ధాలేమైనా జరిగాయా?

కోట కాదు, యుద్ధాలూ జరగలేదు. చూపుకు అందంగా ఉండాలని కోట ఆకారంలో కట్టించుకున్న కట్టడం ఇది. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ జమీందార్లకు తమ ఎస్టేట్లలో ఇలాంటివి కట్టించుకోవడం సరదా. ఆలోచన తోటల రూపశిల్పి కేపబిలిటీ బ్రౌన్‌ది, డిజైన్ జేమ్స్ వాయట్‌ది. ఆరో కోవెంట్రీ ఎర్ల్ అనే ప్రభువు భార్య లేడీ కోవెంట్రీ కోసం 1798-99లో కట్టారు. ఈ కొండ మీద మంట వెలిగిస్తే ఉస్టర్ వైపున్న తమ ఇల్లు క్రూమ్ కోర్ట్ నుంచి కనిపిస్తుందా అని ఆవిడకు సందేహం వచ్చిందనీ, వెలిగించి చూస్తే కనిపించిందనీ, అప్పుడే టవర్ కట్టాలనుకున్నారనీ చెబుతారు. గోల్కొండనో గండికోటనో మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఇక్కడ కోట గోడలు, కందకాలు, రాణివాసాలు ఉండవు.

ఇంత చిన్న టవర్ కోసం అంత దూరం వెళ్లడం అవసరమా?

టవర్ ఒక్కటే చూసి వచ్చేద్దామనుకుంటే అవసరం లేదు. లోపల తిరిగి, పైకెక్కి దిగడానికి అరగంట, ముప్పావుగంట చాలు. "కారు దిగాం, ఫొటో తీసుకున్నాం, ఇంతేనా అనిపించింది" అనేవాళ్లు దాదాపు అందరూ అలా వెళ్లొచ్చినవాళ్లే.

ఇక్కడ చూడాల్సింది కొండ మొత్తం. కింది ఊరి నుంచి పొలాల గుండా నడిచి ఎక్కితే, ఒక్కో గేటు దాటిన కొద్దీ వెనక ఈవ్‌షమ్ లోయ కొంచెం కొంచెంగా తెరుచుకుంటూ వస్తుంది. చివరికి పైన నిలబడి చూసినప్పుడు ఆ టవర్ అక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అందుకని నా సలహా: సగం రోజు కేటాయించగలిగితేనే పెట్టుకోండి. గంటే ఉందంటే కింద బ్రాడ్‌వే ఊళ్లో తిరగండి, అది కూడా చక్కగానే ఉంటుంది.

ఇక్కడ ఎవరైనా ఉండేవాళ్లా? కాస్త చరిత్ర చెప్పండి.

ఉండేవాళ్లు. ఈ టవర్‌కు ఆ కథలే నిజమైన ఆస్తి. 19వ శతాబ్దంలో సర్ థామస్ ఫిలిప్స్ అనే రాతప్రతుల సేకర్త తన సొంత ముద్రణాలయాన్ని ఇందులో నడిపాడు. తర్వాత కార్మెల్ ప్రైస్ అనే బడి ప్రధానోపాధ్యాయుడు అద్దెకు తీసుకుంటే, ఆయన స్నేహితులు కవి, డిజైనర్ విలియం మోరిస్, చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ సెలవులకు ఇక్కడికి వచ్చేవాళ్లు. వసతులు అంతంతమాత్రం. మగవాళ్లు పైకప్పు మీదే స్నానం చేసేవాళ్లట, అదీ గాలికి సబ్బు కొట్టుకుపోకుండా ఉంటేనూ, సరిపడా నీళ్లుంటేనూ. ఇది మోరిస్ కూతురు మే రాసిపెట్టిన సంగతి. ఇంత ఇబ్బందికరమైన చోటు, ఇంత హాయైన చోటు ఇంకోటి లేదన్నట్టు తలుచుకుంది ఆవిడ.

1876లో మోరిస్ ఇక్కడ బస చేసిన రోజుల్లోనే, బాగుచేసే పేరుతో పాత చర్చిల అసలు రూపం చెరిపేస్తున్నారని ఆవేదనతో ఉత్తరం రాశాడు. ఆ మరుసటి ఏడాది, 1877లో, పాత కట్టడాల రక్షణ సంఘాన్ని మొదలుపెట్టాడు. ఆ సంఘం ఇప్పటికీ పనిచేస్తోంది. పాత గుడికి రంగులేసి, రాయి మీద టైల్స్ అంటించడం చూసి బాధపడిన ఎవరికైనా మోరిస్ గొడవ ఏంటో వెంటనే అర్థమవుతుంది.

## రోజు, సమయం, టికెట్

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నెల కంటే ఆ రోజు వాతావరణం ముఖ్యం. ఎండ బాగా కాసే వేసవి మధ్యాహ్నాల్లో దూరాన మసకగా పొగమంచులాంటి పొర ఉంటుంది, మాల్వర్న్ కొండలు లీలగా తప్ప కనిపించవు. ముందు రోజు వాన కురిసి వెలిసి, గాలి శుభ్రంగా ఉన్న రోజున మాత్రం చూపు వేల్స్ కొండలదాకా పోతుంది. అలాంటి రోజులు చలికాలంలోనూ వస్తాయి. పచ్చదనం, పూలు, గొర్రెపిల్లలు కావాలంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకు. చెట్లు రంగు మారడం చూడాలంటే అక్టోబర్ రెండో సగం. వీలైతే తేదీ ముందే ఖాయం చేసుకోకుండా రెండు మూడు రోజులు వెసులుబాటు పెట్టుకుని, మెట్ ఆఫీస్ సూచన చూసి బయల్దేరండి.

ఉదయమా, సాయంత్రమా?

పెద్ద దృశ్యమంతా పడమర వైపు ఉంటుంది. కాబట్టి ఉదయం సూర్యుడు మీ వెనక ఉండి లోయ స్పష్టంగా కనిపిస్తుంది, ఫొటోలకు మంచిది. సాయంత్రం ఎదురు వెలుగు కాబట్టి వివరాలు తగ్గుతాయి కానీ సూర్యాస్తమయం అద్భుతంగా ఉంటుంది. ఒక్కటే గుర్తుంచుకోండి: జూన్ చివర్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది, డిసెంబర్ చివర్లో నాలుగింటికే పొద్దు గుంకుతుంది. వేసవిలో సూర్యాస్తమయానికి చాలా ముందే టవర్ తలుపులు మూసేస్తారు. ఆ వేళ కొండ మీద నిలబడి చూడాల్సిందే.

టికెట్ ముందే కొనాలా? టికెట్ లేకుండా చూడలేమా?

టవర్ లోపలికి వెళ్లి పైకెక్కడానికి టికెట్ కావాలి. కొండ మీదకు రావడానికి, టవర్ పక్క నుంచి నడవడానికి అక్కర్లేదు, ఎందుకంటే కాట్స్‌వోల్డ్ వే అనే ప్రజల కాలిబాట అక్కడి నుంచే వెళ్తుంది. ధరలు, వేళలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి వెళ్లే వారంలో టవర్ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ఎవరో ఎప్పుడో పెట్టిన బ్లాగును నమ్మొద్దు. ఆకాశం మబ్బుగా ఉందనుకోండి, అక్కడికి చేరాక నిర్ణయించుకోవడం మేలు. మబ్బులో పైకెక్కితే కనిపించేది మబ్బే.

వీకెండ్‌లో రద్దీ ఎలా ఉంటుంది?

ఎండ కాసిన ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు (అక్కడి ప్రభుత్వ సెలవులు), బడి సెలవుల్లో బాగానే ఉంటుంది. మెట్లు ఇరుకు కాబట్టి పైకి ఎక్కేవాళ్లు, కిందికి దిగేవాళ్లు ఒకరికొకరు దారివ్వాలి. తెరిచిన మొదటి గంటలో వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది.

## చేరుకోవడం

లండన్ నుంచి కారులో ఎంతసేపు? దారి ఎలా?

సుమారు 90 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే రెండు గంటల పైచిలుకు. ఎం40 మోటార్‌వే మీద ఆక్స్‌ఫర్డ్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఏ44 రోడ్డు పట్టుకుంటే చిప్పింగ్ నార్టన్, మోర్‌టన్-ఇన్-మార్ష్ మీదుగా వస్తారు. ఫిష్ హిల్ దగ్గర కిందికి దిగే ముందే టవర్‌కు మలుపు వస్తుంది, గోధుమరంగు బోర్డు చూసుకోండి. అది దాటిపోతే కొండ దిగి మళ్లీ ఎక్కి రావాలి. జీపీఎస్‌లో డబ్ల్యూఆర్12 7ఎల్‌బీ అనే పోస్ట్‌కోడ్ కొట్టండి. బర్మింగ్‌హామ్ నుంచి అయితే గంట, గంటంపావు. కారు కొండపైదాకా వెళ్తుంది, పార్కింగ్ టవర్‌కు దగ్గర్లోనే ఉంటుంది.

మన ఇండియా లైసెన్స్‌తో అక్కడ కారు నడపొచ్చా?

టూరిస్టుగా వెళ్లినవాళ్లు చెల్లుబాటులో ఉన్న లైసెన్స్‌తో ఆ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచి 12 నెలల దాకా కారు నడపొచ్చు. మనలాగే ఎడమ వైపు డ్రైవింగే. ఇబ్బందల్లా పల్లె రోడ్లతోనే. చాలాచోట్ల ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటుంది, అక్కడక్కడా పక్కకు తీసి దారివ్వడానికి కాస్త చోటు వదులుతారు. ఎదురుగా బండి వస్తే, ఆ చోటు ఎవరికి దగ్గరైతే వాళ్లు ఆగాలి. అవసరమైతే రివర్స్ కూడా చేయాల్సి ఉంటుంది. దారిచ్చిన వాళ్లకు చెయ్యెత్తి థాంక్స్ చెప్పడం అక్కడి మర్యాద. హారన్ కొట్టకండి.

కారు లేదు. రైలు, బస్సులో వెళ్లగలమా?

వెళ్లొచ్చు, కాస్త ప్లానింగ్ కావాలి. లండన్ పాడింగ్టన్ నుంచి మోర్‌టన్-ఇన్-మార్ష్‌కు నేరుగా రైళ్లున్నాయి, గంటన్నర, గంటా ముప్పావు ప్రయాణం. అక్కడి నుంచి బ్రాడ్‌వే ఊరు ఎనిమిది, తొమ్మిది మైళ్లు. బస్సులుంటాయి కానీ తక్కువ, ఆదివారం మరీ తక్కువ. అందుకే తిరుగు బస్సు సమయం ముందు చూసుకుని దానికి తగ్గట్టు రోజు కూర్చుకోండి. టాక్సీ కావాలంటే ముందు రోజే ఫోన్ చేసి మాట్లాడుకోండి, పల్లెల్లో స్టేషన్ బయట టాక్సీలు వరసగా నిలబడి ఉండవు. యాప్‌లో క్యాబ్ దొరుకుతుందనే ధీమాతో అసలు వెళ్లొద్దు.

## నడిచి ఎక్కేవాళ్లకు

ఊరి నుంచి కొండ మీదకు ఎంత దూరం? కష్టమా?

సుమారు రెండు కిలోమీటర్లు, 200 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. రోజూ కాస్త నడిచే అలవాటున్నవాళ్లకు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. తిరుమల మెట్ల దారితో పోలిస్తే చాలా తేలిక, కానీ మెట్లుండవు, గడ్డి వాలు మీద ఎక్కుతూనే ఉండాలి. ఊరి హైస్ట్రీట్‌లో పై చివరకు వెళ్తే కాట్స్‌వోల్డ్ వే గుర్తు కనిపిస్తుంది. అది జాతీయ కాలిబాట కాబట్టి గుర్తుగా ఓక్ కాయ బొమ్మ ఉంటుంది. గేటు గేటుకూ ఆ బొమ్మ వెతుక్కుంటూ పోతే దారి తప్పరు.

ఇంకాస్త పెద్ద నడక కావాలంటే?

చిప్పింగ్ క్యాంప్‌డెన్ నుంచి బ్రాడ్‌వే దాకా కాట్స్‌వోల్డ్ వే మీద నడవండి. సుమారు ఆరు మైళ్లు. మొదట డోవర్స్ హిల్ వస్తుంది, 17వ శతాబ్దం తొలినాళ్లలో రాబర్ట్ డోవర్ క్రీడోత్సవాలు మొదలుపెట్టిన కొండ అది. తర్వాత మైదానంలా ఉన్న ఎత్తు మీద చాలాసేపు నడక, ఆపైన టవర్, చివర్లో ఊళ్లోకి దిగుడు. ఈ దిశలో నడిస్తే ఎక్కుడు తక్కువ, లోయ ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. సరదాగా వెళ్లేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ దారే. కాగితం మ్యాప్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఓఎల్45 తీసుకోండి.

పొలాల్లోంచి నడిస్తే ఎవరైనా ఏమైనా అంటారా?

గుర్తు పెట్టిన కాలిబాట మీద నడుస్తున్నంత సేపు ఎవరూ ఏమీ అనరు. సొంత భూమి గుండా వెళ్లినా ఆ దారిలో నడిచే హక్కు అందరికీ ఉంటుంది. మీ వైపు నుంచి పాటించాల్సినవి: మూసి ఉన్న గేటు మళ్లీ మూయాలి, కుక్క ఉంటే పట్టీ వదలకూడదు, గొర్రెల దగ్గరికి వెళ్లకూడదు. వసంతంలో చూడి గొర్రెలు బెదిరి పరిగెత్తితే కడుపులో పిల్ల పోయే ప్రమాదం ఉంది. ఫొటో కోసం వాటి వెంట పడే పిల్లల్ని ఆపండి.

ఏ చెప్పులు, ఏ బట్టలు?

అడుగున పట్టు ఉన్న బూట్లు. వాన పడ్డాక ఆ వాలు జిగురు బురద, నున్నటి స్నీకర్లతో జారిపడతారు. కింద ఊళ్లో హాయిగా ఉన్నా పైన గాలి కోస్తుంది, జూలైలో కూడా గాలి ఆపే పల్చటి జాకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. చీరతో ఎక్కాలనుకునే అమ్మలకు గాలి వల్ల ఇబ్బంది ఎక్కువ, ఆ ఒక్క రోజుకు ప్యాంటు వేసుకోమని నచ్చజెప్పండి. గొడుగు దండగ, టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు.

## టవర్ దగ్గర

లోపల ఏముంటుంది?

ఆరు కోణాల కట్టడానికి మూడు గుండ్రటి చిన్న బురుజులు అతికించినట్టు ఉంటుంది. లోపల అంతస్తుకో చిన్న గది, అందులో టవర్ చరిత్ర, మోరిస్ బృందం గురించిన ప్రదర్శన. ఆ గదుల్లో హడావుడి పడకండి. ఒక కిటికీ దగ్గర ఆగి గోడ మందం చూడండి, గాలి శబ్దం వినండి. ఆ గదుల్లో సెలవులు గడపడమంటే ఎలా ఉండేదో తెలుస్తుంది. ఆపైన పైకప్పు.

పైనుంచి ఏమేం కనిపిస్తాయి? 16 కౌంటీలు నిజమేనా?

స్వచ్ఛమైన రోజున 16 కౌంటీలదాకా కనిపిస్తాయని చెబుతారు. కౌంటీ సరిహద్దులు నేల మీద గీసి ఉండవు కదా, లెక్కపెట్టే ప్రయత్నం వదిలేయండి. గుర్తుపట్టగలిగేవి వెతకండి. కాళ్ల కింద బ్రాడ్‌వే ఊరు, దాని అవతల పండ్లతోటలకు పేరుపడ్డ ఈవ్‌షమ్ లోయ, మధ్యలో ఒంటరిగా లేచిన బ్రెడన్ హిల్, ఆ వెనక పడమట రంపపు పళ్లలా వరసగా మాల్వర్న్ కొండలు. ఇంకా దూరాన నీలంగా కనిపించేవి వేల్స్ కొండలు. చిన్న బైనాక్యులర్ ఉంటే తప్పక తీసుకెళ్లండి.

అక్కడేదో అణుయుద్ధం బంకర్ ఉందట?

ఉంది, టవర్‌కు కొద్ది నడకలోనే. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో బ్రిటన్ దేశమంతా ఇలాంటి చిన్న భూగర్భ గదులు కట్టి రాయల్ అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద సభ్యులకు అప్పగించింది. అణుబాంబు పడితే ఎక్కడ పడింది, ఎంత పెద్దది, రేడియేషన్ ఎటు పోతోంది అని అక్కడి నుంచి కబురు చేయడం వాళ్ల పని. 1991లో ఆ వ్యవస్థను ఆపేశారు.

నిలువు ఇనుప నిచ్చెన మీద దిగితే ముగ్గురు మనుషులకు చాలీచాలని గది. పేలుడు ఒత్తిడిని చూపే మీటరు, రేడియేషన్ కొలిచే పెట్టె, మంచాలు. నేల పైన ఒక డబ్బా ఉండేది, నాలుగు వైపులా సూదిబెజ్జాలతో, లోపల ఫొటో కాగితంతో. పేలుడు మెరుపు ఆ కాగితం మీద మచ్చ వేస్తే, ఆ మచ్చ ఉన్న చోటును బట్టి బాంబు దిక్కు, ఎత్తు తెలుస్తాయి. అయితే ఆ కాగితం తేవడానికి పేలుడు తర్వాత ఒకరు మూత తెరుచుకుని బయటికి రావాలి. వాళ్లేమో మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు శిక్షణకు వచ్చిన ఊరివాళ్లు. నన్ను అడిగితే, టవర్ కంటే ఎక్కువ కాలం మనసులో ఉండేది ఈ గదే. చూడాలంటే గైడెడ్ టూర్ ముందే బుక్ చేసుకోవాలి, అన్ని రోజుల్లో ఉండదు. నిచ్చెన దిగలేనివాళ్లకు, చిన్నపిల్లలకు కుదరదు.

దగ్గర్లో స్మారకఫలకం ఉంది, అదేంటి?

1943 జూన్‌లో శిక్షణలో ఉన్న విట్లీ బాంబర్ విమానం ఇక్కడ కూలి అందులోని సిబ్బంది చనిపోయారు. వాళ్ల గుర్తుగా పెట్టింది. అక్కడ కాసేపు ఆగండి.

జింకలు కనిపిస్తాయా?

పక్కన కంచె వేసిన మేతభూమిలో రెడ్ డీర్ మంద ఉంది, బ్రిటన్‌లో అతి పెద్ద జింక జాతి. కంచె ఇవతల నుంచే చూడండి, తినడానికి ఏమీ పెట్టొద్దు. సెప్టెంబర్ చివరి నుంచి జతకట్టే కాలం, మగ జింకలు బొంగురుగా అరుస్తుంటాయి. ఆ అరుపు వినడానికి చాలామంది వస్తారు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

యజమానుల అనుమతి లేకుండా వద్దు. అనుమతి ఉన్నా బ్రిటన్ విమానయాన సంస్థ రిజిస్ట్రేషన్ నియమాలు వర్తిస్తాయి. పైన గాలి, కింద గొర్రెలు, జింకలు, జనం. ఇంట్లో వదిలేయడమే మంచిది.

## పెద్దవాళ్లు, పిల్లలు, భోజనం

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి, కారులో. లిఫ్ట్ లేదు, గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు కాబట్టి పైకెక్కించే ప్రయత్నం చేయొద్దు. కానీ టవర్ మొదట్లో నిలబడినా దాదాపు అదే దృశ్యం కనిపిస్తుంది, వాళ్లు పోగొట్టుకునేది తక్కువ. "మీరు వెళ్లి రండి, మేం కారులో కూర్చుంటాం" అంటారు. అననివ్వకండి. నెమ్మదిగా గడ్డి మీదకు తీసుకొచ్చి, లోయ వైపు కూర్చోబెట్టి, అప్పుడు మీరు పైకెళ్లండి.

చంటిపిల్లలు, స్ట్రోలర్?

స్ట్రోలర్ మెట్లెక్కదు, పొలం గేట్లలోంచీ సరిగా దూరదు. బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ తీసుకెళ్లండి. పైకప్పు మీద పిల్లల చెయ్యి వదలొద్దు.

తినడానికి ఏం దొరుకుతుంది? ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లొచ్చా?

కొండ పైన కేఫ్ ఉంది, టాయిలెట్లు కూడా ఉన్నాయి. శాకాహారం దొరుకుతుంది కానీ గుడ్డు కూడా తిననివాళ్లు కేకులు, పేస్ట్రీల దగ్గర అడిగి తీసుకోవాలి. ఇంటి భోజనం తెచ్చుకుని బయట గడ్డి మీద తినొచ్చు. పేపర్ ప్లేట్లు, టిష్యూలు వద్దు, ఆ గాలికి క్షణంలో పొలాల్లోకి పోతాయి. మూతున్న డబ్బాలు తెచ్చుకుని, చెత్త మొత్తం వెనక్కి తీసుకుపోండి. నిప్పు మాత్రం వెలిగించొద్దు, ఎండిన గడ్డి ఇట్టే అంటుకుంటుంది.

## కొండ దిగాక

మిగిలిన సగం రోజు ఏం చేయాలి?

పిల్లలుంటే ఆవిరి రైలు. గ్లాస్టర్‌షైర్ వార్విక్‌షైర్ రైల్వే వాళ్లు 2018లో బ్రాడ్‌వే స్టేషన్‌ను మళ్లీ తెరిచారు, అక్కడి నుంచి చెల్టెన్‌హామ్ రేస్‌కోర్స్ దాకా బొగ్గు ఇంజన్ల రైళ్లు నడుస్తాయి. రోజూ ఉండవు, టైమ్‌టేబుల్ చూసుకోండి. జూన్ చివర్లోనో జూలైలోనో వెళ్తే దగ్గర్లోని స్నోస్‌హిల్‌లో లావెండర్ పొలాలు పూతలో ఉంటాయి. చేతిపనులంటే ఇష్టమున్నవాళ్లు చిప్పింగ్ క్యాంప్‌డెన్ వెళ్లండి. 1627 నాటి రాతి మార్కెట్ హాలు ఉంది. 1902లో ఆష్‌బీ అనే ఆయన లండన్ నుంచి కళాకారుల బృందాన్ని తెచ్చి పెట్టిన ఊరు అది, ఆ వెండిపని చేసే వర్క్‌షాపు ఇప్పటికీ నడుస్తోంది. మోరిస్ బస చేసిన టవర్‌తో మీరు మొదలుపెట్టిన రోజుకు అది చక్కటి కొనసాగింపు. మూడూ ఒకే రోజులో పెట్టుకోకండి, ఒకటి ఎంచుకోండి.